నూనెకు పెట్టిన చెవి

ల్యాబు,
మేడ మీద చివరి గది

నూనెల మీద సర్వహక్కులూ గల మా వదినకి,

ఈ చెక్కపెట్టెలో గరిటంత పొడుగున్న యంత్రం ఒకటి పంపుతున్నాను. భయపడకు, కరవదు. ఇన్నాళ్ళూ నేను పండక్కీ పబ్బానికీ రాకుండా ఇక్కడే పడి ఉన్నది దీని కోసమే. కాగిన నూనె ఇంకా వాడొచ్చా, పారబోయాలా అన్నది ఇది చెప్తుంది.

ఎలా అంటావా? కడుపులో బిడ్డని చూసే స్కానింగ్ ఉంది కదా, అల్ట్రాసౌండ్, అదే. మన చెవికి అందని శబ్దాన్ని నూనెలోకి పంపుతాం. ఒక కొస నుంచి రెండో కొసకి ఎంత త్వరగా చేరింది, దారిలో ఎంత నీరసించింది అని చూస్తాం. నూనె మళ్ళీ మళ్ళీ కాగి చిక్కబడేకొద్దీ శబ్దం కాస్త త్వరగా చేరుతుంది, కానీ బాగా అలసిపోయి చేరుతుంది. దాన్నిబట్టి తెర మీద ఒక అంకె వస్తుంది. అంకె ఎర్రగీత దాటితే ఆ నూనె పనికిరాదు.

బాణలిలో మాత్రం ముంచకు. స్టీలు గ్లాసులోకి తీసి, కాస్త చల్లారాక ముంచు. వేడి మారితే శబ్దం వేగం మారిపోతుంది. అందుకని యంత్రం కొసన వేడి చూసే చిన్న పుల్ల కూడా పెట్టాను. అది వేడి చూసి లెక్క సరిచేసుకుంటుంది.

నువ్వు చెయ్యాల్సిన పని ఒక్కటే. యంత్రం ముట్టుకోక ముందే నీ ముక్కు ఏమందో కాగితం మీద రాసెయ్. తర్వాత యంత్రం ఏమందో రాయి. అదే నూనె ఒక చిన్న సీసాలో పోసి ఇదే పెట్టెలో పంపించు. ఇక్కడ రసాయన పరీక్ష చేస్తారు. అసలు తీర్పు దానిదే, కానీ వరసలో మా వంతు వచ్చేసరికి చాలా ఆలస్యమవుతుంది. ముక్కుకి యంత్రం సాటి వస్తుందని తేలితేనే మా పెద్దసారు దీన్ని ముందుకు తీసుకెళ్తారు. లేకపోతే ఈ పని ఇంతటితో ఆపేస్తారు. అంత పెద్ద ముక్కు నీదొక్కటే నాకు తెలుసు మరి.

ఉత్తరాలు కూడా పెట్టెలోనే పడెయ్, మా ల్యాబు వ్యాను ఎలాగూ వారం వారం వస్తుంది. ఫోన్లో అయితే అన్నయ్య మధ్యలో దూరి అంతా వాడే మాట్లాడతాడు.

నీ ఆడపడుచు

~

క్యాంటీన్ వంటశాల,
నూనె డబ్బాల గది

మహారాజశ్రీ ఇంజినీరమ్మ గారికి,

నీ డబ్బా చేరింది. నూనెకు స్కానింగ్ చేస్తారట అని నేను చెప్పగానే వంటశాల అంతా గొల్లుమంది. పొద్దుట్నుంచీ ప్రతివాళ్ళూ బాణలి దగ్గరికొచ్చి "ఎన్నో నెల?" అని అడిగి పోతున్నారు. బొద్దక్క తెలుసుగా, నా తర్వాత సీనియర్, ఆవిడైతే నవ్వలేక పిండి గిన్నె కింద పెట్టేసింది.

సరే, పని విషయానికొస్తాను. నువ్వు చెప్పినట్టే చేశాను. నా పద్ధతి నీకు తెలియదేమో, చెప్తాను విను. నేను పాత నూనెని ఊరికే వాసన చూడను. ముందు సీలు తీసిన కొత్త నూనె డబ్బా దగ్గరికి పోయి దాన్ని పీల్చుకుంటాను. అప్పుడు పాతదాని దగ్గరికొస్తాను. కొత్తది ఎలా ఉండాలో ముక్కుకి గుర్తు చెయ్యకుండా పాతది ఎలా ఉందో ఎలా చెప్తాం? ఈ మాట బొద్దక్కకి చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది.

చేపలు వేయించిన నూనె మూసి ఉంచిన ట్రంకుపెట్టె వాసనేసింది. పారబొయ్యమన్నాను. నీ డబ్బా "ఇంకా పరవాలేదు" అంది. బంగాళాదుంప ముక్కల నూనె నాకు కమ్మగానే ఉంది, కాల్చిన గింజల వాసన. డబ్బా మాత్రం గీత దాటిందంది. చెరో మాటా అన్నాం. సీసాలు పంపుతున్నాను, ఎవరు గెలిచారో చెప్పు.

ఒక్క సంగతి. తెర మీద అంకె వస్తే ఇక్కడెవరికీ ఏమీ ఎక్కదు. బాణలి ముందు చెమటలు కారుతుంటే అంకెలు ఎవరు చూస్తారు? నేను మూడే మాటలంటాను. "కానివ్వు." "ఓ కన్నేసి ఉంచు." "దించెయ్." ఆ మూడింటితోనే ఈ వంటశాల నడుస్తోంది. నన్ను వీళ్ళు వెనక "ముక్కు" అంటారని నాకు తెలుసు. మేనేజరైతే బయటివాళ్ళకి పరిచయం చేసేటప్పుడు "ఈవిడ ముక్కే మా సర్టిఫికెట్" అంటాడు. ఇంతమంది కార్మికులు ఈ తిండి తిని షిఫ్టుకి పోతున్నారంటే ఆ పూచీ నాదే.

మీ అన్నయ్య కులాసా. నీ మీద నాకు చాడీలు చెప్పడం తప్ప వేరే పనిలేదు.

నీ వదిన

~

ల్యాబు,
కిటికీ పక్క బల్ల

వదినా,

నీ ఉత్తరం విప్పగానే గదంతా నూనె వాసన. పక్క బల్లవాళ్ళు టిఫిన్ ఎక్కడ దాచావని నా సొరుగులు వెతికారు. నిజం చెప్పనా, ఇల్లు గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి.

ఫలితాలు. చేపల నూనె విషయంలో నీ ముక్కే నెగ్గింది. దాంట్లో తడి ఉండిపోయి, సన్నటి బుడగలు శబ్దాన్ని గందరగోళం చేశాయి. ఇకమీదట గ్లాసులో పోసి కాసేపు కదపకుండా ఉంచు. బంగాళాదుంప నూనెలో మాత్రం యంత్రానిదే గెలుపు. పైకి కమ్మగా ఉన్నా లోపల పాడైపోయింది. వాసన ఆలస్యంగా బయటపడే రకం అది. కాబట్టి సరిసమానం, ఇద్దరూ ఎగరక్కర్లేదు.

కొత్త నూనె ముందు, పాతది తర్వాత. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. మా పెద్దసారుకి చెప్తే ఆయన కూడా తలూపారు. ఆయన తలూపడమంటే ఇక్కడ పెద్ద విషయం.

అంకెల బదులు మాటలు పెట్టమన్నావు. ముందు అంకె సరిగ్గా రానీ తల్లీ, తర్వాత మాటలు నేర్పిద్దాం. నువ్వు మాత్రం దొంగచూపులు చూడకుండా ముక్కు తీర్పే ముందు రాయి.

నీ ఆడపడుచు

~

క్యాంటీన్ వంటశాల

ఇంజినీరమ్మకి,

రెండు వ్యాన్లు ఖాళీగా పోయాయని అలిగావేమో. జ్వరం, జలుబు. మంచం దిగలేదు. ఇప్పుడు బాగానే ఉన్నాను, కంగారుపడి ఫోన్లు చెయ్యకు.

పనిలోకి వచ్చిన దగ్గర్నుంచీ రోజూ రాస్తున్నాను. కాగితం జతచేశాను, చూసుకో. ఈసారి నీ డబ్బాకీ నాకూ గొడవల్లేవు. అది గీత దాటిందన్న చోటల్లా నేనూ పారబొయ్యమన్నాను. అది సరేనన్న చోట నేనూ సరేనన్నాను.

మీ అన్నయ్యకి ఈమధ్య ఏం మాయరోగమో తెలియదు, నాకంటే ముందే లేచి కాఫీ పెడుతున్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ స్టవ్ ఎటువైపు తిప్పితే వెలుగుతుందో తెలియని మనిషి! ఆపైన నా మీదే అరుపులు. మొన్న పాలు అడుగంటి మాడిపోతుంటే బాత్రూంలోంచి సబ్బు నురగతో పరిగెత్తుకొచ్చాడు. "పక్కనే నిలబడి ఏం చేస్తున్నావు?" అని ఒకటే రాద్ధాంతం. ఏదో ఆలోచనలో ఉన్నాను, మనిషికి ఆలోచనలు ఉండవా?

సీసాలు పెట్టెలో ఉన్నాయి.

వదిన

~

ల్యాబు,
మేడ మీద చివరి గది

నా బంగారు వదినకి,

ఎగిరి గంతేశాను! కాగితం తీసుకుని సరాసరి పెద్దసారు గదిలోకి పోయాను. ముక్కూ యంత్రమూ ఒక్కచోట కూడా తేడా రాలేదు! ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. వచ్చే సమీక్షలో పై వాళ్ళ ముందు ఇదే పెడదామన్నారు. "నిపుణురాలి ముక్కుకి దీటైన పరికరం" అని శీర్షిక కూడా అనుకున్నాం. ఆ నిపుణురాలు మా వదినే అని చెప్పుకోడానికి నాకెంత గర్వంగా ఉందో తెలుసా?

రసాయన పరీక్ష ఫలితాలు ఇంకా రాలేదు. వచ్చినా ఇందులో మారేదేమీ ఉండదులే.

జ్వరం సంగతి ముందే ఎందుకు చెప్పలేదు? అన్నయ్య కాఫీ పెడుతున్నాడంటే మాత్రం నేను నమ్మను. ఫోటో తీసి పంపించు.

నీ ఆడపడుచు

~

క్యాంటీన్ వంటశాల

అమ్మాయ్,

పని ఎక్కువగా ఉంది, నాలుగు ముక్కలే రాస్తున్నాను.

ఈ ప్రయోగం అయిపోయాక డబ్బా వెనక్కి తీసేసుకుంటారా? ఇక్కడే ఉంచేసే వీలుందా? ఇంకొకటి. అది ఎప్పుడైనా అబద్ధం చెప్తే మనకెలా తెలుస్తుంది? ఊరికే అడుగుతున్నాను.

ఈ వారం బాణళ్ళు తెగ దించాల్సి వచ్చింది. పొద్దున పోసిన నూనె సాయంత్రానికే గీత దాటిపోతోంది. మేనేజరు గొణుగుతున్నాడు. నేను దించమంటే దించాల్సిందే అన్నాను. బొద్దక్క నా మొహంలోకి అదోలా చూసి బాణలి దించింది.

నన్ను గురించి పై వాళ్ళ ముందు మరీ అంత గొప్పగా చెప్పకు. దిష్టి తగులుతుంది.

వదిన

~

ల్యాబు,
కిటికీ పక్క బల్ల

వదినా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే ఉన్నప్పుడు చదువు.

రసాయన పరీక్ష ఫలితాలు వచ్చాయి. నువ్వు జ్వరం తగ్గి వచ్చాక మొదట్లో పంపినవి సరిగ్గానే ఉన్నాయి. ఆ తర్వాతవి తప్పు. పోయిన వారం గీత దాటాయన్న సీసాలన్నిటిలోనూ మంచి నూనే ఉంది. అంటే యంత్రం తప్పు చెప్పింది. ఎందుకో కూడా ఊహించగలను. వేడి చూసే పుల్ల మీద పాత నూనె జిగురు పేరుకుని ఉంటుంది. దాంతో గ్లాసులో నూనె చల్లారిపోయినా పుల్ల ఇంకా వేడిగానే ఉందనుకుంటుంది. యంత్రం ఆ తప్పుడు వేడితో లెక్క సరిచేసి, లేని చెడుని చూపిస్తుంది. పుల్లని సబ్బునీళ్ళతో కడగాలని నేను నీకు చెప్పనే లేదు. అది నా పొరపాటే, అది పక్కన పెట్టు.

నన్ను నిద్రపోనివ్వనిది వేరే సంగతి. యంత్రం తప్పు చెప్పిన ప్రతిసారీ నీ ముక్కు కూడా సరిగ్గా అదే తప్పు చెప్పింది. యంత్రానికి జిగురు పట్టింది సరే, నీ ముక్కుకి ఏం పట్టింది?

నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని మళ్ళీ చదివాను. మొదటిదాంట్లో ట్రంకుపెట్టె, కాల్చిన గింజలు. జ్వరం తర్వాత ఒక్క వాసన కూడా లేదు. కొత్త డబ్బా పీల్చుకున్నానన్న మాట లేదు. పాలు మాడుతుంటే పక్కనే నిలబడ్డావు. ఆ జిగురైతే ముక్కు మూసుకునేంత కంపు కొడుతుంది వదినా. గిన్నె మూలల్లో ఇంత జిడ్డున్నా గుమ్మం దగ్గర్నుంచే పట్టేసేదానివి.

నీకు వాసన తెలియడం లేదు కదూ?

నేను కోపంగా రాయడం లేదు. నువ్వు అక్కడ ఒంటరిగా ఇదంతా మోస్తుంటే నేనిక్కడ గంతులేశానే అని ఏడుపొస్తోంది. డాక్టరుకి చూపించావా? అన్నయ్యకి తెలుసా?

నీ ఆడపడుచు

~

నూనె డబ్బాల గది,
తలుపు వేసుకుని

ఆడపడుచుకి,

నీ ఉత్తరం చదివి ముందు ఒళ్ళు మండింది. ఇంజినీరు చదువు చదివించింది దొంగల్ని పట్టుకోడానికా అనుకున్నాను. చింపేద్దామని కూడా అనిపించింది. తర్వాత డబ్బా తీసి ఆ పుల్ల చూశాను. నువ్వన్నట్టే నల్లగా, జిగటగా ఉంది. బొద్దక్కకి చూపిస్తే "అబ్బా, ఏం కంపు!" అని మొహం తిప్పుకుంది. నేను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. మంచినీళ్ళ గ్లాసు దగ్గర పెట్టుకున్నట్టే ఉంది.

అవును, తెలియడం లేదు. జ్వరం పోతూ పోతూ దాన్ని కూడా పట్టుకుపోయింది. డాక్టరు "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి అంత చదువెందుకో. అన్నం, కూర, సబ్బు, మీ అన్నయ్య చొక్కా, అన్నీ ఒకటే. ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పను? వేపుడు విభాగానికి నేను పెద్దనైంది ఈ ముక్కు వల్లే కదా. చెప్పిన మర్నాడే మేనేజరు నన్ను టోకెన్లు ఇచ్చే కిటికీలో కూర్చోబెడతాడు. ఆ కిటికీ వెనక నేను ఎన్నాళ్ళో బతకలేను. నాకు బాణళ్ళ ముందు నిలబడటమే తెలుసు.

అప్పుడు నీ డబ్బా కనిపించింది. నా ముక్కు పోతే నువ్వు చెవి పంపావు అనుకున్నాను. ముందు డబ్బా చూడటం, తర్వాత నా తీర్పు రాయడం. నువ్వు సరిగ్గా చెయ్యొద్దన్న పనే. కానీ అది లేకపోతే చెడ్డ నూనె జనం కడుపులోకి పోతుందని భయమేసింది. ఆ భయం మాత్రం నిజం.

నీ ప్రయోగం చెడగొట్టాను, అది బాధగా ఉంది. ఆ ఒక్క వారం కాగితాలు తీసేస్తే మిగతావి పనికొస్తాయి కదా? ఎవరికీ చెప్పకు. నన్ను ఇక్కడ ఉండనివ్వు.

వదిన

~

ల్యాబు,
మేడ మీద చివరి గది

వదినా,

ఆ ఒక్క వారం తీసేద్దామని నువ్వు అడగకముందే నాకూ అనిపించింది. తీసేస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నాను కూడా. కానీ రేపు ఇంకో వంటశాలలో ఇంకో పుల్లకి జిగురు పడుతుంది. ఈసారి అటువైపు తప్పుతుందేమో, చెడ్డ నూనెని మంచిదంటుందేమో. అప్పుడు ఎవరి కడుపులోకి పోతుంది? నువ్వే ఒప్పుకోవు.

అందుకని పెద్దసారుకి చెప్పేశాను. జ్వరం తర్వాత ముక్కు తీర్పులేవీ లెక్కలోకి రావని, పుల్ల సంగతి కూడా. నీ ఉద్యోగం సంగతి గాని, నీ భయం సంగతి గాని ఎత్తలేదు, అవి నీవి. ఆయన నా కాగితాలన్నీ మొదటినుంచీ మళ్ళీ చదివారు. నా పని అయిపోయిందనుకున్నాను. తీరా కాగితాలు మూసి, "తన తప్పు తనే పట్టుకోలేని యంత్రం మనకెందుకు? ముందు దాని సంగతి చూడు. సమీక్ష వెనక్కి జరుపుతాను" అన్నారు. కోప్పడ్డారు గానీ పని ఆపెయ్యలేదు.

దారి నాకు నీ మొదటి ఉత్తరంలోనే దొరికింది. కొత్త నూనె ముందు, పాతది తర్వాత! ఇకనుంచి యంత్రాన్ని రోజూ ముందు సీలు తీసిన కొత్త నూనెలో ముంచాలి. కొత్త నూనె ఎలా పలకాలో దానికి తెలుసు. అలా పలకకపోతే పాత నూనె గురించి ఒక్క ముక్క కూడా చెప్పకుండా "నన్ను కడుగు" అంటుంది. అది అబద్ధం చెప్తే ఎలా తెలుస్తుందని అడిగావు కదా, ఇదీ జవాబు. ఇక్కడున్న రెండో యంత్రంలో ఈ మార్పు చేసి చూశాను. జిగురు పుల్లతో ముంచితే మొరాయించింది, కడిగి ముంచితే దారికొచ్చింది.

ఇక నీ సంగతి. మేనేజరుకి నువ్వే చెప్పు. వేరేవాళ్ళ నోట విననివ్వకు. నువ్వు ఎవరికీ భయపడి బతికిన మనిషివి కాదు, ఇప్పుడు కొత్తగా నేర్చుకోకు. ముక్కు లేని మనిషి బాణలి దగ్గర ఉండకూడదని ఎక్కడా రాసి లేదు. ఉన్నట్టు నటిస్తేనే ప్రమాదం. అన్నయ్యకి కూడా చెప్పు.

మార్చిన యంత్రాన్ని ఈ పెట్టెలోనే పెట్టాను, నీ దగ్గరున్నది వెనక్కి పంపు. ఇది నీ దగ్గరే ఉంటుంది. ఆ మాట నేను ఇస్తున్నాను.

నీ ఆడపడుచు

~

క్యాంటీన్ వంటశాల,
మధ్య బల్ల మీద, అందరి ముందూ

ఇంజినీరమ్మకి,

చెప్పేశాను.

ముందు మీ అన్నయ్యకి చెప్పాను. నోరు తెరుస్తాడేమో అనుకున్నాను. తాపీగా కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టి, "పాలు మాడిన రోజే తెలుసు" అన్నాడు. "మరి అడగలేదేం?" అంటే, "నువ్వు చెప్పలేదు కదా" అన్నాడు. రోజూ నాకంటే ముందు లేస్తున్నది కాఫీ కోసం కాదట. గ్యాసు గాని లీకవుతుంటే నాకు తెలియదని, ముందే వచ్చి స్టవ్ దగ్గర నిలబడి వాసన చూసి, అప్పుడు వెలిగించేవాడట. ఆ కాఫీ ఒక సాకు! ఇన్నేళ్ళలో మీ అన్నయ్య మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు. కాఫీ మాత్రం దరిద్రంగా ఉండి ఉంటుంది, నాకు తెలియకపోవడమే మంచిదైంది.

తర్వాత మేనేజరు గదికి వెళ్ళాను. బొద్దక్క కూడా వెనకే వచ్చింది, రావద్దన్నా వినలేదు. విషయం ముక్కుసూటిగా చెప్పాను. మంచి నూనె పారబోయించిన సంగతి కూడా దాచలేదు. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"మీ ముక్కే కదమ్మా మన సర్టిఫికెట్? అదే లేకపోతే ఆ విభాగానికి మీరు పెద్దగా ఉండటం దేనికి?" అన్నాడు.

"ఇన్నాళ్ళూ ఈ పనంతా ముక్కే చేసిందనుకుంటున్నారా సార్?" అన్నాను. "తడి ముక్కలు నూనెలో వెయ్యొద్దని అరిచిందెవరు? మంట తగ్గించమన్నదెవరు? అడుగున పడ్డ నలుసులు తీస్తే గాని ఇంటికి పోనివ్వనిదెవరు? నూనె పాడయ్యాక పట్టుకోవడం ఒక ఎత్తు, పాడవకుండా చూడటం ఇంకో ఎత్తు. ఆ రెండోది నోటితో చేశాను. నోరు బాగానే ఉంది."

"ఆ మాట నిజమే సార్," అంది బొద్దక్క. ఎంత గట్టిగా అందంటే ఆయనకి నవ్వొచ్చింది.

చివరికి ఇలా తేల్చాడు. నెల రోజులు డబ్బాతో నేనే నడపాలి. ప్రతి నూనె సీసా మీ ల్యాబుకి రావాలి. నా మాటా రసాయన పరీక్షా కలిస్తే నా చోటు నాదే. కలవకపోతే టోకెన్ల కిటికీ. సరేనన్నాను. భయం లేదా అంటే ఉంది. కానీ చెప్పేశాక ఊపిరి ఆడుతోంది.

నీ ప్రయోగానికి ముక్కు కావాలి కదా, బొద్దక్కది ఇస్తున్నాను. రోజూ నేర్పిస్తున్నాను. నాకు వాసన తెలియకపోయినా గుర్తున్నాయి కదా. కళ్ళు మూసుకుని చెప్తాను, "గోడకి వేసిన రంగు ఎండుతున్నట్టు ఉందా? కొంచెం వెనకాల చేదుగా తగులుతోందా?" అని. ఆవిడ పీల్చి "అవునే!" అంటుంది. ఆవిడ మొహం చూస్తుంటే ఒక్కోసారి నాకే వాసన వచ్చినట్టు ఉంటుంది. తీర్పు రాసేదాకా డబ్బా నా కొంగు కింద దాచిపెడుతున్నాను, దొంగచూపులు నడవవు.

సీసాలు పంపుతున్నాను. ఈసారి నీ పరీక్ష త్వరగా చేయించు తల్లీ.

నీ వదిన

~

ల్యాబు,
కిటికీ పక్క బల్ల

వదినా,

నెల రోజుల సీసాలన్నీ చూశారు. మీ మేనేజరుకి పెద్దసారు సంతకంతో కాగితం వేరే పోస్టులో వస్తోంది గానీ, నువ్వు అంతవరకు ఆగలేవని నాకు తెలుసు. ఒక్క తప్పు కూడా లేదు. రెండుసార్లు యంత్రం "నన్ను కడుగు" అని మొరాయించిందని, కడిగించాకే తీర్పిచ్చానని రాశావు చూడు, పెద్దసారు ఆ రెండు చోట్లా వేలుపెట్టి చూపించి, "సమీక్షలో ముందు ఇది పెట్టు" అన్నారు. పెట్టాను. పై వాళ్ళు ఒప్పుకున్నారు. యంత్రం నిలబడింది వదినా! బొద్దక్క ముక్కు కొన్నిచోట్ల తప్పింది, అలాగే రాశాం.

పాత యంత్రం వెనక్కి పంపెయ్యి. ఈ పెట్టెలో కొత్తది ఉంది. కొంచెం మార్చాను. ఏం మార్చానో చెప్పను, ముంచి చూడు.

నీ ఆడపడుచు

~

క్యాంటీన్ వంటశాల,
బాణళ్ళ పక్కన

మా ఇంటి ఆడపడుచుకి,

నీ డబ్బా వచ్చిన రోజే బయటినుంచి ఎవరో పెద్దవాళ్ళు క్యాంటీన్ చూడటానికొచ్చారు. మేనేజరు కంగారుగా తిరుగుతున్నాడు. వడ్డన మొదలవ్వబోతోంది. నేను కోడి ముక్కలు దించుతుంటే ఆయనే డబ్బా తీసుకుని, గొప్పగా వాళ్ళందరి ముందూ ముందు కొత్త నూనెలో, తర్వాత బంగాళాదుంప నూనె గ్లాసులో ముంచాడు. తెర చూసి అలాగే నిలబడిపోయాడు.

"ఏమొచ్చింది సార్?" అని కేకేశాను.

ఆయన గొంతు సవరించుకుని, బడిలో పిల్లాడిలా చదివాడు. "దించెయ్."

బొద్దక్క పగలబడి నవ్వింది. అంకె లేదు, గీత లేదు! నా మాట, నేను అనే మాట! మేనేజరు మళ్ళీ మెల్లగా "వడ్డన మొదలైంది, ఈ ఒక్క విడత కానిస్తే..." అన్నాడు. వచ్చినవాళ్ళు నా వంక చూశారు. నేను తెర వైపు చెయ్యి చూపించాను, అంతే. ఆయన ఇంకో మాట లేకుండా మంట తనే ఆపాడు. బాణలి దించాం. మొదటి బంతికి వేపుడు ఆలస్యమైంది, ఎవరూ చచ్చిపోలేదు.

మిగతా రెండు మాటలు కూడా ముంచి చూశాను. "కానివ్వు" వచ్చింది. "ఓ కన్నేసి ఉంచు" వచ్చింది. ఇక ఇది ఏ ఊరి వంటశాలకి పోయినా అక్కడ నా గొంతే కదా. చాటుగా డబ్బాల గదిలోకి పోయి కాసేపు ఏడ్చాను. సంతోషానికేలే.

మేనేజరు సాయంత్రం పిలిచి, పెద్దసారు కాగితం ఫ్రేము కట్టించాలా అని అడిగాడు. కాగితం అక్కర్లేదు, నూనె డబ్బాల గదికి కొత్త బల్బు వేయించమన్నాను. నా చోటు నాదేనట. ఆ మాట ఆయన చెప్పేలోపే నేను రేపటి ముక్కలకి పురమాయింపు చేసేశాను.

ముక్కు ఇంకా రాలేదు. వస్తే వస్తుంది. మీ అన్నయ్య రోజూ స్టవ్ దగ్గర నిలబడుతూనే ఉన్నాడు, కాఫీ కూడా కాస్త నేర్చుకున్నాడని బొద్దక్క తాగి చెప్పింది.

రాస్తూ రాస్తూ ఈ కాగితం మీద నూనె చుక్క పడేశాను, కింద చూడు. ఏ బాణలిదో గుర్తులేదు. కొత్తదో, పాతదో, నువ్వే వాసన చూసి చెప్పు.

నీ వదిన